పరిశోధకుల బ్రదుకుతెరువు: విశ్వవిద్యాలయాచార్యులతో కొన్ని సంభాషణములు

(మన సంఘ వార్షిక మహాసభయందు, విద్యావిషయక సమావేశమున చదువబడిన యుపన్యాసము)



ప్రతి మహాసభయందును నన్ను ఈ వేదికపై నిలువబెట్టి మార్కండేయమహర్షి చరితమునో, భావనాఋషి తామరతూండ్ల నూలుతో వేల్పులకు వస్త్రములు నేసిన కథనో చెప్పుమని కోరుట మన కార్యవర్గమువారికి వాడుక. ముప్పదియైదేండ్లు పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించిన నోటికి అది ప్రయాసలేని పని; వినువారి చెవులకును అట్టిదే. కాని యీ సంవత్సరము విద్యానిధి యుపసంఘమువారు నాకొక క్రొత్తపని యొప్పగించిరి. మన పిల్లలు ఎం.ఎస్.సి. ముగించి, పరిశోధన చేసెదము, సహాయము చేయుడని దరఖాస్తులు పంపుచున్నారు. మన నిధి నాలుగవ నిబంధన "జీవనోపాధికరమగు వృత్తివిద్య" నభ్యసించువారికి మాత్రమే సహాయమని చెప్పుచున్నది. వైద్యమన తెలియును, ఇంజనీరింగన తెలియును; ఈ పరిశోధనమన నేమి? అది యెన్నియేండ్లు? అంతవరకు తిండి యెవరు పెట్టుదురు? తుదకు ఫలమేమి? మీకు తీరికయున్నది గదా, పోయి కనుగొని రండు అని వారు నన్ను పంపిరి.

ఎనిమిది మాసములలో వాల్తేరు, హైదరాబాదు, రాయలసీమ విశ్వవిద్యాలయములలో ఏడుగురితో మాటలాడితిని. పేర్లు బయట పెట్టనన్న నియమముమీద వారు మనసువిప్పి చెప్పిరి గావున, పనిని చెప్పెదను గాని పేరు చెప్పను. అందు ఇరువురు మనవారు. తక్కినవారి కులము నేనడుగలేదు. మన దేశమున అడుగకయే తెలియునన్నది వేఱుమాట.

మొదట వాల్తేరున కలిసికొన్నది రసాయనశాస్త్రాచార్యురాలిని. ఆమె పని మొక్కలలోని రంగులు. ఏ ద్రవ్యమువలన ఏ రంగు వచ్చుచున్నది, అది యెండకు ఎంతకాలమునకు వెలిసిపోవును, ఏల వెలిసిపోవును అనునది ఆమె పరిశీలించుచున్న విషయము. నేను సాలెవాడనని తెలియగానే ఆమె బల్లసొరుగునుండి ఎండిన వేళ్ళకట్ట యొకటి తీసి నాచేతికిచ్చి, "దీనిని గుర్తింపగలరా మాస్టారుగారూ?" అని యడిగెను. అది చిరివేరు. కృష్ణానది సముద్రమున గలియుచోట, గుల్లలు కలిసిన యిసుకనేలలయందు ఇది మిక్కిలి మేలైనదిగా నుండెడిదనియు, బందరు అద్దకపు ఎఱుపునకు ఇదియే మూలమనియు మా తాతగారు చెప్పగా వింటిని గాని కంటితో చూచుట అదియే ప్రథమము.

ఆ వేరిలోని రంగుద్రవ్యమునకు అలిజరిన్ అని పేరు. మన సంస్కృతవైద్యగ్రంథములలోని మంజిష్ఠయు ఈ కుటుంబములోని మొక్కయే. ఐరోపావారు తమ గుడ్డలకు వేసికొనుచుండిన మాడరు అను వేరును ఈ కుటుంబములోనిదే. ఈ ద్రవ్యము ఒంటరిగా నూలును గట్టిగా పట్టుకొనదట. అందుచే మనవారు ముందుగా గుడ్డను కరక్కాయ కషాయమున ముంచి, పటికనీటితో బొమ్మ గీసి, పిమ్మట వేరుతో కలిపి కాచెడివారు. పటికలో అల్యూమినియమను లోహము కలదు. ఆ లోహము ఒకచేత నూలును, మఱొకచేత రంగును పట్టుకొని విడువకుండును. పటిక యున్నచోట ఎఱుపు దిగును, లేనిచోట ఉడుకునీటిలో ఉతికిన పోవును. పటికకు బదులు ఇనుమును పూసినచో అదే వేరు ఊదారంగును, నలుపును ఇచ్చును. ఇంతయు ఆమె గాజుగొట్టములలో నాకు చేసి చూపినది. నీరు పోసిన కల్లువంటి పలుచని ద్రవము పటిక చుక్క పడినంతనే ఎఱ్ఱనగుట చూచి నేను కొంతసేపు మాటలేక యుంటిని.

అటుపై ఆమె చెప్పినది నాకు మఱింత ముఖ్యముగా తోచినది. 1856వ సంవత్సరమున పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల బాలుడు లండనులో, తారుతో చలిజ్వరపు మందు చేయబోయి, ఊదారంగును చేసెను. 1868లో గ్రేబే, లీబర్మను అను ఇరువురు జర్మనులు ఈ అలిజరిన్‌నే బొగ్గుతారునుండి చేసిరి. మఱుసటి యేటనే అది కర్మాగారములకు ఎక్కినది. 1897లో జర్మనీలోని బాస్ఫు కంపెనీవారు కృత్రిమమైన నీలిమందును అంగడిలోనికి దింపిరి. తరువాతి ఇరువది యేండ్లలోపల మన దేశపు నీలిమందు ఎగుమతులు పడిపోయినవి. చిరివేరు త్రవ్వువారును, నీలిబానలు పెట్టువారును ఏమైరో మన యిండ్లలో ముసలివారికి తెలియును. మన చేతిలోని విద్యను మననుండి తీసికొన్నది కత్తికాదు, కప్పముకాదు. వేయి క్రోసుల దూరమున ఒక గదిలో గొట్టములు పట్టుకొని కూర్చున్న నలుగురు. ఆ నలుగురిలో మనవాడొకడును లేడు. మనకు నష్టము ఇటువైపు, విద్య అటువైపు. ఇందులకు జర్మనులను నిందించుట వ్యర్థమని నా యభిప్రాయము.

వాల్తేరునందే ఈ విద్య మొలకెత్తిన కథ వేఱొకటి కలదు. తిరువెంగడము రాజేంద్రము శేషాద్రిగారు మాంచెస్టరులో రాబిన్సన్ ఆచార్యునికడ చదివి, ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు వచ్చిరి. ఆయనయు ఆయన శిష్యులును పరిశోధించిన వానిలో పత్తిపువ్వులలోని పసుపువర్ణములు ముఖ్యమైనవి. పత్తికాయను గూర్చియే గాని పత్తిపువ్వును గూర్చి మన మెన్నడైన చింతించితిమా? ఆయన 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు పోయిరి. 1960లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వము లభించినది.

ఇక ఆ యాచార్యురాలి బ్రదుకుతెరువు. తండ్రి రెండు గుంటమగ్గములవాడు. పదవతరగతివరకు తెలుగులోనే చదివినది. ఎం.ఎస్.సి. పిమ్మట ఇంటి యవసరముచే రెండేండ్లు ఒక జూనియరు కళాశాలలో పాఠములు చెప్పి, నెట్టు పరీక్షలో గెలిచి పరిశోధకవేతనము సంపాదించి, అయిదున్నర యేండ్లకు డాక్టరేటు పొందినది. జర్మనీలో రెండేండ్లు పనిచేసినది. తిరిగివచ్చి నాలుగేండ్లు గంటకింత యను లెక్కపై అతిథి యుపన్యాసకురాలిగా నుండినది. స్థిరమైన కొలువు దొరకునప్పటికి ఆమెకు ముప్పదియెనిమిదేండ్లు. "ఆ నాలుగేండ్లలో రెండుమారులు మానివేయబోతిని. మా నాయన మానవద్దనలేదు, మానుమనలేదు, నెలనెలా బియ్యపుబస్తా పంపెను" అని ఆమె నవ్వుచు చెప్పెను.

రెండవవారు హైదరాబాదున భౌతికశాస్త్రాచార్యులు. ఆయన తండ్రి కరీంనగరు జిల్లానుండి భీవండికి మరమగ్గముల పనికి పోయిన మనవాడు. స్ఫటికములపై వెలుగు పడి చెదరినప్పుడు దాని రంగు కొంచెము మాఱును. ఆ మార్పును కొలిచి లోపలి యణువు లెట్లు కదలుచున్నవో చెప్పుట ఆయన పని. 1928 ఫిబ్రవరి 28న రామనుగారు కలకత్తాలో కనుగొన్నది ఈ మార్పునే. రామనుగారు 1907లో ప్రభుత్వ లెక్కలశాఖలో పెద్ద యుద్యోగమున చేరి, ఉదయము కార్యాలయమునకు పోకముందును, సాయంకాలము వచ్చినపిమ్మటను బౌబజారు వీధిలోని విజ్ఞానసంఘమున ప్రయోగములు చేసికొనుచు పదేండ్లు గడిపిరి. 1917లో జీతము తగ్గునని తెలిసియు ఆ యుద్యోగము వదలి విశ్వవిద్యాలయాచార్య పదవిని స్వీకరించిరి. ఆయనకడ పనిచేసిన నాటి కృష్ణాజిల్లా ఆగిరిపల్లి వాస్తవ్యులు సూరి భగవంతముగారు 1932లో వాల్తేరునకు వచ్చి అచట ఆ విద్యను నిలిపిరి. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి, బెంగుళూరు విజ్ఞానసంస్థకు అధిపతులైరి.

నేను ఆ యాచార్యుని, "మీ దినము ఎట్లు గడచును?" అని యడిగితిని. "పదిదినములలో తొమ్మిదిదినములు పరికరమును బాగుచేయుటకే చాలును. మిగిలిన దినమున కొలతలు తీయుదుము. అవి తప్పని మఱునాడు తెలియును" అనిరి. ఇది వినిన యెవ్వరికైనను అచ్చు అతుకుట జ్ఞప్తికి రాకమానదు. వేలకొలది పోగులను ఒక్కొక్కటిగా పాతపడుగు కొసలకు మెలిపెట్టి అతుకునప్పుడు ఒక్క అంగుళము గుడ్డయు దిగదు. చూచువానికి పనియే జరుగుచున్నట్లు తోచదు. ఆ పోలికను చెప్పగా ఆయన నా రెండుచేతులును పట్టుకొని, "మా అమ్మ చేసిన పని అదియే" అనిరి.

పిమ్మట ఆయనయే చింతకింది మల్లేశముగారి ప్రస్తావన తెచ్చిరి. ఆలేరు ప్రాంతపు మన బిడ్డడు. పోచంపల్లి చీరకు ఆసు పోయునప్పుడు ఒక్కచీరకు సుమారు 9,000 మారులు చేయి ఇటునటు త్రిప్పవలయును. తల్లి భుజపునొప్పి చూడలేక, బడిచదువు మధ్యలో విడిచిన ఆ బాలుడు ఏండ్లతరబడి కఱ్ఱముక్కలు, మోటార్లు కూర్చి విప్పి, 1999లో లక్ష్మి ఆసుయంత్రమును నిలిపెను. 2017లో పద్మశ్రీ వచ్చినది. ఆ యాచార్యులు చెప్పినదేమన, పరిశోధన యనునది డాక్టరేటు కాగితము కాదు, ఈ పట్టుదలయే. కాని అందరును మల్లేశములు కాజాలరు, చేతికి గదియు, పరికరమును, గురువును దొరకినచో ఇంతటి దుఃఖపడకయే మఱి పదుగురు కాగలరు. ఈ మాట నాకు న్యాయముగా తోచినది. మల్లేశముగారికి సన్మానపత్రములు చదివినవారము మనము; ఆయన యంత్రము కూర్చుచుండిన యేండ్లలో మన సంఘములేవియు ఆయన గడప త్రొక్కినట్లు నేను వినలేదు.

మఱొక చిన్నముచ్చట. వక్రీభవనము, పరావర్తనము, తరంగదైర్ఘ్యము అను మాటలు తెలుగుబడిలో నేర్చుటవలన ఆంగ్లమున వచ్చిన కష్టమేమని అడిగితిని. ఆరునెలలు కష్టము, తరువాత లాభమనిరి, మాటలోనే అర్థమున్నదట. సంస్కృతపండితునకు ఇంతకంటె కావలసినదేమి? ఆ సంతోషమున నేను వారింట రెండవమారు కాఫీకి ఒప్పుకొంటిని.

రాయలసీమలో కలిసికొన్న విదుషీమణి పట్టుపురుగుల వ్యాధులను పరిశీలించుచున్నది. ధర్మవరపు పట్టుచీర నేయు మనవారికి పట్టు మగ్గముమీదనే తెలియును. గూడునకు ముందు జరుగునది తెలియదు. పట్టుపురుగునకు పెబ్రిన్ అను రోగమొకటి కలదు. పురుగు మేనిపై మిరియపుపొడి చల్లినట్లు నల్లమచ్చలు వచ్చును. ఆ మిరియమును బట్టియే ఫ్రాన్సుదేశపు దక్షిణప్రాంతమువారు ఆ పేరు పెట్టిరి. తల్లినుండి గ్రుడ్లకు సంక్రమించు రోగమిది. అక్కడి పట్టుపరిశ్రమ నాశమగుచుండగా 1865లో పాశ్చరుపండితుని అచటికి పంపిరి. ఆయన రసాయనశాస్త్రజ్ఞుడు, అంతకుముందు పట్టుపురుగును ముట్టినవాడు కాడు. ఫాబర్ అను కీటకశాస్త్రవేత్త ఇంటికి పోయి, పట్టుగూడు నొకటి చెవికడ ఆడించి, లోపల ఏదో యున్నదే యని ఆశ్చర్యపడెనట! గూటిలో పురుగు రూపుమాఱి నిదురించునని కూడ ఎఱుగని యీయనయా మనలను రక్షించువాడని ఫాబర్ తెల్లబోయినాడట. అయినను పాశ్చరు అయిదేండ్లు ఆ పనిమీదనే నిలిచి, నడుమ 1868లో పక్షవాతము తగిలి యెడమభాగము పడిపోయినను మానక, ఉపాయము కనుగొనెను. గ్రుడ్లు పెట్టిన తల్లిచిలుకను నలిపి సూక్ష్మదర్శనిలో చూచుట. రోగకణములు కనబడినచో ఆ గ్రుడ్లన్నిటిని కాల్చివేయుట. ఇంతే. నేటికిని మన పట్టుగ్రుడ్ల కేంద్రములలో జరుగుచున్నది ఇదియే. నేను స్వయముగా ఆ సూక్ష్మదర్శనిలో చూచితిని. రోగకణములు బియ్యపుగింజలవలె కోలగా, మెఱయుచు నుండును.

ఆమె ఈ కథను చెప్పుటకు కారణము కలదు. పాండిత్యమున్నవాడు తనకు తెలియనిదానిని అడుగుటకు సిగ్గుపడును. పరిశోధకునకు ఆ సిగ్గు ఉండరాదు, మా విద్యార్థులకు మొదట నేర్పునది ఇదియే అని ఆమె చెప్పెను. మన శాస్త్రములలో పూర్వపక్షము సిద్ధాంతముకంటె ముందు వచ్చుటకు హేతువిదియే గదా యని నేనంటిని. ఆమె అంగీకరించినది, మర్యాదకు అంగీకరించినదేమో తెలియదు.

ఆమె మార్గమును మన సభలోని స్త్రీలు శ్రద్ధగా వినవలయును. ఎం.ఎస్.సి. అయిన మూడుమాసములకు వివాహము. రెండవయేట బిడ్డ. పరిశోధనలో చేరినది ఆ బిడ్డకు మూడేండ్లు నిండినపిదప. పురుగులకు ఆదివారము లేదు, పండుగ లేదు. దినమునకు పలుమారులు మల్బరీ ఆకు వేయవలసినదే. తొమ్మిదేండ్లకు డాక్టరేటు వచ్చినది. "మా అత్తగారు పిల్లను తన పక్కలో వేసికొనకున్నచో నేను ఇక్కడ లేను. ఆమెకు వ్రాలు చేయుట రాదు. నా సిద్ధాంతగ్రంథమును పూజగదిలో పెట్టుకొన్నది" అని చెప్పుచు ఆమె ముఖము ప్రక్కకు త్రిప్పుకొనెను. మన నిధి తొమ్మిదవ నిబంధనలో ఏమి వ్రాసియున్నదో మీలో ఎందఱికి జ్ఞాపకమున్నదో! బాలికకు వివాహమైన దినముతో సహాయము నిలిచిపోవునట. మగపిల్లవానికి వివాహమైన ఏమగునో ఆ నిబంధన చెప్పదు.

నాలుగవవారు గణాంకశాస్త్రాచార్యులు. తన విషయము చెప్పుటకు ఇష్టపడక, కల్యంపూడి రాధాకృష్ణారావుగారి చరిత్ర చెప్పిరి. రావుగారు 1920లో, నేటి కర్ణాటకములోని హూవిన హడగలిలో, తల్లిదండ్రుల కెనిమిదవ సంతానముగా జన్మించిరి. అందుచేతనే కృష్ణుని పేరు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదివిరి. వేకువజామున నాలుగుగంటలకు తల్లి లక్ష్మీకాంతమ్మగారు లేపి దీపము వెలిగించి చదువుకు కూర్చుండబెట్టెడివారట. వాల్తేరున గణితమున ఎం.ఏ. అయినది, పరిశోధకవేతనము దొరకలేదు. యుద్ధకాలము. సైన్యమున గణితజ్ఞుని కొలువున్నదని కలకత్తాకు పోయిరి, అదియు దొరకలేదు. బసచేసినచోట తటస్థించిన యొక యువకుడు గణాంకవిద్యాసంస్థలో శిక్షణకు వచ్చినవాడు. అతనివలన ఆ సంస్థను గూర్చి తెలిసి 1941లో అందు చేరిరి. 1945లో, ఇరువదియైదేండ్లు నిండీనిండకముందు, ప్రకటించిన యొకే వ్యాసములో ప్రపంచమంతయు నేడు పాఠముగా చదువు సిద్ధాంతములు కలవు. 2023లో, నూటరెండేండ్ల వయసున, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము వచ్చినది; ఆ యేటనే ఆగస్టు 22న కాలధర్మము నొందిరి.

"ఆ హోటలులో ఆ యువకుడు కనబడకున్నచో?" అని నన్ను ఆ యాచార్యులడిగిరి. యాదృచ్ఛికములపై శాస్త్రము వ్రాసినవాని జీవితమే యాదృచ్ఛికమున నడచినదని నేను హాస్యమాడితిని గాని, ఆ ప్రశ్న నన్ను వదలలేదు. వేతనము దొరకక వెనుదిరిగిన రావుగారలు ఎందఱో, వారికెవ్వరును కనబడలేదు.

అయిదవవారు జీవరసాయనశాస్త్రజ్ఞులు. వారు చెప్పినది యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి. 1895లో భీమవరమున పుట్టి, మెట్రిక్యులేషను రెండుమారులు తప్పి మూడవమారు గెలిచి, మద్రాసున వైద్యము చదివి, బోస్టను చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట సేవకుని పని చేసి పొట్టపోసికొని, 1925లో ఫిస్కే ఆచార్యునితో గలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని నిలిపిన మహానుభావుడు. కండరములకు శక్తినిచ్చు ద్రవ్యములు, ఫోలిక్ ఆమ్లము, తొలి కేన్సరు మందులు, బోదకాలునకు డైయీథైల్ కార్బమజీన్: వీనియన్నిటియందు ఆయన చేయి కలదు. గోదావరి ప్రాంతములో ఏటేట పంచిపెట్టుచు వచ్చిన బోదకాలు మాత్ర ఆయన నడపిన లెడర్లే పరిశోధనశాలనుండి పుట్టినది. 1948లో, ఏబదిమూడేండ్లకే, పోయిరి. ఆయనను సముద్రము దాటించిన ద్రవ్యములో కొంత మామగారు కూర్చినది, కొంత కాకినాడ మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మనిధి భరోసాపై నడచినది. బర్మాలో గడించిన ఆ దాత సుబ్బారావుగారి కులమువాడు కాడు. కులసంఘ వేదికపైనుండి ఈ మాట చెప్పుట కొందఱికి రుచింపకపోవచ్చును. అయినను చెప్పుచున్నాను. మన నిధి మనవారి కొఱకే యని వాదించువారు, ఇతరుల నిధులలో మన పిల్లలు ఎందఱు చదివిరో లెక్కవేసి చూడవలయును.

ఆఱవవారు భూగర్భశాస్త్రజ్ఞులు, మా సంభాషణ ముప్పాతికభాగము మా యూరి బోరుబావులను గూర్చి జరిగినందున ఇచట వదలివేయుచున్నాను.

ఏడవవానిని దాచుట ధర్మము కాదు. ఆయన వృక్షశాస్త్రమున డాక్టరేటు పొంది పదునాలుగేండ్లైనది. వయసు నలువదినాలుగు. నేటికిని గంటకింత యను లెక్కమీదనే పాఠములు చెప్పుచున్నాడు. వేసవి సెలవులలో ఆదాయము లేదు. ఖాళీలు ప్రకటింపబడుటయు, న్యాయస్థానములలో నిలిచిపోవుటయు, మరల ప్రకటింపబడుటయు ఆయన మూడుమారులు చూచినాడు. "మీ నిధివారిని మా మార్గమునకు పిల్లలను పంపవద్దని చెప్పుడు" అని స్పష్టముగా అనెను. ఏడుగురిలో ఇరువురు తమ సొంతబిడ్డలకు ఈ మార్గమును చెప్పమనిరి. ఈయన ఒకడు, రెండవవారు ఎవరో చెప్పిన మీరు ఆశ్చర్యపడుదురు గావున చెప్పను. అయితే, పరిశోధన చేసిన యేండ్లు వ్యర్థమని తలంతురా యని యడిగినప్పుడు ఆయన చాలసేపు కిటికీవైపు చూచి, తాను తూర్పుకనుమలలో ఒక లోయయందు మూడువానకాలములు గడిపి నాచుమొక్కలను లెక్కించిన సంగతి చెప్ప నారంభించెను. గంట గడచినది. నా బస్సు పోయినది.

ఇక లెక్కకు వచ్చెదను. నెట్టు పరీక్షలో జూనియరు ఫెలోషిప్పు గెలిచినవారికి 2023 జనవరి 1 నుండి నెలకు 37,000 రూపాయలును, రెండేండ్లపిదప 42,000 రూపాయలును, ఇంటి అద్దె భత్యముతో, మొత్తము అయిదేండ్లవరకు ఇచ్చునట్లు నిర్ణయింపబడినది. కావున పరిశోధకుడు ఆకలితో చచ్చునన్నది అపోహ. కాని గెలువనివారికి దొరకునది మిక్కిలి స్వల్పము, కొన్నిచోట్ల శూన్యము. గెలిచినవారికిని చేరిననాటినుండి సొమ్ము చేతికి వచ్చుటకు నెలలు పట్టుట కలదు. పిమ్మట బకాయి అంతయు ఒక్కమారు వచ్చును. బిడ్డలు కూలునది ఈ నెలలలోనే. గతసంవత్సరము మన యుపసంఘము త్రిప్పిపంపిన దరఖాస్తులు మూడు. వాటిని పంపినవారిలో ఒకడు మందుల కర్మాగారమున రాత్రిపాళీ పనికి పోయెను. ఒకడు గ్రూపు పరీక్షల శిక్షణలో నున్నాడు. మూడవయామె తల్లి కమ్మలు కుదువబెట్టి చేరినది. ఆమెకు ఏడునెలల వేతనము ఇంకను రాలేదు. మువ్వురును నాకు శిష్యులు కారు, చుట్టములు కారు.

ముప్పదియేండ్లు వచ్చువరకు చదువుచున్న బాలికకు వరుడు దొరకడనియు, ఇంజనీరైనవాడు రెండేండ్లలో సంపాదించి నిధికి తిరిగి చందా యిచ్చుననియు మన పెద్దలు చెప్పు రెండు అభ్యంతరములు నేనెఱుగనివి కావు. రెండవదానిలో సత్యమున్నది. నిధి చిన్నది, చందాలు ఇచ్చువారిలో చాలమంది మగ్గముమీద బ్రదుకువారే. వారి సొమ్మును ఇరువదియేండ్లకు ఫలించు చెట్టునకు పోయుట సాహసమే. అందుచే నేను అడుగునది దానము కాదు, బదులు. మొదటి యభ్యంతరమునకు సమాధానము పట్టుపురుగుల విదుషీమణి అత్తగారు చెప్పవలయును గాని నేను చెప్పుట బాగుండదు.

నా సూచనలు ఇవి. నాలుగవ నిబంధనలో "వృత్తివిద్య" యను మాట ప్రక్కన "విశ్వవిద్యాలయ పరిశోధన" యని చేర్చవలయును. వేతనము మంజూరై చేతికి రాని నెలలకు వడ్డీలేని బదులు ఇచ్చి, బకాయి వచ్చిన నెలలో తిరిగి తీసికొనవలయును. ఆ సొమ్మే మఱునాడు మఱొకరికి పనికివచ్చును. పరీక్షలకును, ప్రవేశపు మౌఖికపరీక్షలకును దూరనగరములకు పోవు దారిఖర్చులు, ఒక్కొక్కరికి ఏడాదికి రెండుమారులు మించకుండ, ఊరకనే ఈయవలయును. తొమ్మిదవ నిబంధనను తీసివేయవలయును. దానిని సవరించుట కాదు, తీసివేయుట. వీనిలో మొదటి మూడింటికి ఉపసంఘమువారు సమ్మతించినారు. నాలుగవదానిపై ఇరుపక్షములును సమానముగా నున్నవి. రేపు ఉదయము తొమ్మిదిగంటలకు విషయనిర్ధారణసంఘమున చర్చకు వచ్చును. స్త్రీసభ్యులు వంటశాల పర్యవేక్షణను పురుషులకు ఒప్పగించి ఆ చర్చకు తప్పక రావలయునని వేఱుగ ప్రార్థించుచున్నాను.

వాల్తేరు ఆచార్యురాలు చిరివేరుతో అద్ది యిచ్చిన రెండు గుడ్డముక్కలను, పటికతోడిది ఒకటి, ఇనుముతోడిది ఒకటి, ప్రదర్శనశాలలో మూడవ బల్లపై నుంచితిని. చేతితో ముట్టి చూడవచ్చును.